డిశ్చార్జి అన్నారు, మరి ఎక్కడికి? బెంగళూరులో సంరక్షణ కేంద్రం ఎంచుకోవడం

“పేషెంటు స్టేబుల్‌గా ఉన్నారు, తీసుకెళ్ళవచ్చు” అని డాక్టరు చెప్పినప్పుడు ఆయన ఉద్దేశం ఒకటి, మన చెవికి చేరేది మరొకటి. ఆసుపత్రిలో ఇక చేయగలిగింది లేదని ఆయన అంటారు. మనిషి కోలుకున్నారని మనం వింటాం. పక్షవాతం వచ్చిన మా పెద్దమ్మను మదనపల్లె నుంచి ఇక్కడికి తెచ్చి 36 రోజులు ఆసుపత్రిలో ఉంచాక, ఒక గురువారం మధ్యాహ్నం మాకు ఆ మాట చెప్పారు. శనివారానికి పడక ఖాళీ చేయాలి. ఊపిరి కోసం గొంతులో ట్రాకియాస్టమీ గొట్టం, ఆహారం కోసం ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబు, మూత్రానికి కాథెటర్. కుడిపక్క కదలదు, మాట లేదు. పైగా పాతికేళ్ళ షుగరు. కృష్ణరాజపురంలో మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు.

తర్వాతి పదకొండు నెలల్లో ఆమె మూడు చోట్ల ఉంది. మొదటిది తప్పు ఎంపిక. రెండోది సరైనదే, కానీ ఆలస్యంగా వెళ్ళాం. మూడోది ఇల్లు. ఆ గురువారం సాయంత్రం ఎవరైనా మా చేతిలో పెట్టి ఉంటే బాగుండేది అనిపించిన కాగితం ఇది.

ముందు పేర్ల గొడవ

మన ఊళ్ళలో నర్సింగ్ హోం అంటే చిన్న ఆసుపత్రి. ప్రసవాలు, అపెండిసైటిస్ ఆపరేషన్లు జరిగే చోటు. బెంగళూరులో వెతకడం మొదలుపెడితే వృద్ధాశ్రమం, అసిస్టెడ్ లివింగ్, ట్రాన్సిషన్ కేర్, రిహాబ్, హాస్పిస్, పాలియేటివ్ కేర్, హోం నర్సింగ్ అని ఏడెనిమిది పేర్లు ఎదురవుతాయి. వీటిలో నాలుగు పేర్లను ఒకే బోర్డు మీద రాయించుకున్న ఇల్లు కూడా చూశాను. లోపల ఉన్నది మాత్రం పన్నెండు మంచాలు, ఒక వంటగది. కాబట్టి బోర్డును బట్టి కాదు, మన మనిషికి కావలసిన పనిని బట్టి వెతకాలి.

వేళ ఉన్న పనులు, వేళ లేని పనులు

ఏ చోటూ చూడకముందే ఒక తెల్లకాగితం తీసుకుని వార్డులో రాత్రి డ్యూటీ నర్సు దగ్గర కూర్చోండి. డాక్టరు దగ్గర కాదు, నర్సు దగ్గర. 24 గంటల్లో ఈ మనిషికి మీరేమేం చేస్తున్నారో చెప్పమనండి. కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఒకవైపు వేళ ఉన్న పనులు, మరోవైపు వేళ లేని పనులు రాయండి.

మా పెద్దమ్మ కాగితంలో మొదటి వైపు పొడుగ్గా ఉంది. ఉదయం షుగరు పరీక్ష, ఇన్సులిన్, మూడు గంటలకొకసారి ట్యూబు ద్వారా ఆహారం, రెండు గంటలకొకసారి పక్క మార్చడం, మాత్రలు పొడి చేసి ట్యూబులో వేయడం, మూత్రం సంచీ ఖాళీ చేయడం, నోరు శుభ్రం చేయడం, ఒళ్ళు తుడవడం. చూడగానే గుండె జారిపోయేంత జాబితా. కానీ మమ్మల్ని భయపెట్టవలసింది అది కాదు. రెండో వైపు నాలుగే ఉన్నాయి: కఫం అడ్డుపడితే సక్షన్ యంత్రంతో పీల్చి తీయడం, ఆమె రైల్స్ ట్యూబు లాగేసుకుంటే మళ్ళీ వేయడం, షుగరు పడిపోవడం, ఫిట్స్.

వేళ ఉన్న పనులు ఎన్ని ఉన్నా, ఓపికా కొంత శిక్షణా ఉన్న కేర్‌టేకర్లు చేయగలరు. గడియారం వాళ్ళకు గుర్తుచేస్తుంది. వేళ లేని పనుల్లో నిమిషాల మీద ప్రాణం ఆధారపడినది ఒక్కటి ఉన్నా, ఆ పని తెలిసిన మనిషి అర్ధరాత్రి కూడా అదే అంతస్తులో మెలకువగా ఉండాలి. ఈ ఒక్క తేడా బెంగళూరులో మీరు విన్న పేర్లలో సగాన్ని కొట్టేస్తుంది. మేము మొదటిసారి ఈ గీత గీయలేదు. జాబితా పొడుగు చూసి “ఇన్ని పనులు చేస్తామంటున్నారు, మంచివాళ్ళు” అనుకుని చేర్చేశాం.

మిగతా కొలతలు

రాత్రి లెక్క. “24 గంటలూ నర్సు ఉంటారు సార్” అనని చోటు లేదు. అడగవలసింది, రాత్రి పది తర్వాత ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులు, ఏ అంతస్తులో అని. ఇంకో చిక్కు, యూనిఫారం వేసుకున్న ప్రతి ఆడమనిషినీ అక్కడ సిస్టర్ అనే పిలుస్తారు. జీఎన్ఎం అంటే మూడేళ్ళ చదువు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, ఏఎన్ఎం రెండేళ్ళు. కేర్‌టేకర్ శిక్షణ కొన్ని వారాలో కొన్ని నెలలో. రాత్రి ఉండే సిస్టర్ ఏం చదివారు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు ఉందా అని అడగడం అమర్యాద కాదు. అలాగని కేర్‌టేకర్లను తక్కువ చేయకండి. పడకపుండు రాకుండా కాపాడేది నర్సు చదువు కాదు, రెండు గంటలకొకసారి పక్క మార్చే కేర్‌టేకర్ చేతులు.

డాక్టరు. రోజూ వచ్చి చూస్తారా, వారానికోసారా, లేక “ఆన్ కాల్” అంటే ఫోనులో మాట్లాడతారా? మూడో అర్థంలోనే ఆ మాట ఎక్కువగా వాడుతున్నారు.

ఆసుపత్రికి దూరం. కిలోమీటర్లలో కాదు, సాయంత్రం ఆరున్నరకు నిమిషాల్లో లెక్కపెట్టండి. ట్రాఫిక్ ఇరుక్కుపోయే టిన్ ఫ్యాక్టరీ కూడలి దాటాలా, సిల్క్ బోర్డు దాటాలా, హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కాలా అన్నది ఈ నగరంలో వైద్యపరమైన ప్రశ్న. అత్యవసరమైతే మన పాత ఆసుపత్రికి పంపుతారా, తమకు ఒప్పందం ఉన్నచోటికే పంపుతారా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పాత ఫైలు ఉన్నచోట గంటలో తెలిసేది కొత్తచోట రెండు రోజుల పరీక్షలవుతుంది.

లిఫ్టు, కరెంటు. ఇక్కడి కేంద్రాల్లో చాలావరకు నివాసపు ఇళ్ళుగా కట్టినవే. నలుగురు పట్టే లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించాలి, కూర్చోలేని మనిషినైతే దుప్పటిలో మోయాలి. జనరేటరు ఉందా అని అడిగి ఊరుకోకండి. అది అందుకునేలోపు ఆక్సిజన్ కాన్సెంట్రేటరు (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు యంత్రం) ఆగిపోతే పక్కన సిలిండరు ఉందా, సక్షన్ యంత్రానికి బ్యాటరీ గానీ కాలితో తొక్కే పంపు గానీ ఉందా అన్నది చూడండి.

భాష. దీన్ని చివర పెట్టేవాళ్ళం, ఇప్పుడు పైకి తెచ్చాను. పక్షవాతంలోనూ మతిమరుపు జబ్బులోనూ తర్వాత నేర్చుకున్న భాషలు ముందు పోయి, అమ్మ భాష మిగలడం కొందరిలో జరుగుతుంది. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో ఇంగ్లీషు మాట్లాడినవారు కూడా “దాహం” అనే అంటారు. బెంగళూరు కేంద్రాల్లో కేర్‌టేకర్లు కేరళ, ఒడిశా, ఝార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవారై ఉంటారు. కన్నడ అమ్మాయి అయితే కొంత నయం. నీరు ఆమెకూ నీరే, నొప్పి ఆమెకు నోవు. మాట పోయిన మా పెద్దమ్మ కూడా తెలుగులో చెబితే కళ్ళు ఆర్పి జవాబిచ్చేది, హిందీలో అడిగితే గోడవైపు చూసేది. నొప్పి, దాహం, చలి, తిప్పు, దగ్గు, ఆగు లాంటి పదిహేను మాటలను తెలుగు పలుకుతోనే వాళ్ళ లిపిలో రాయించి మంచం తలవైపు అంటించాం. మేము చేసిన పనుల్లో ఖర్చు లేనిది, ఎక్కువగా పనికొచ్చింది అదే.

చివరిగా, ఇవన్నీ దేనికోసం అన్న ప్రశ్న. కోలుకోవడం కోసమా, ఉన్నది నిలబెట్టడం కోసమా, బాధ లేకుండా చూడటం కోసమా? ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ మూడు జవాబులు ఉంటాయి. డాక్టరును అందరి ముందూ ఒకసారి ఈ ప్రశ్న అడగండి. జవాబు ఒకటి కాకుండా చోటు ఒకటి కాదు.

ట్రాన్సిషన్ కేర్, పునరావాస కేంద్రాలు

ఐసీయూ నుంచి నేరుగా ఇంటికి వెళ్ళలేనివాళ్ళ కోసం పుట్టినవి ఇవి. పక్షవాతం, తలకు దెబ్బ, వెన్నెముక గాయం, వెంటిలేటరు మీద వారాలు గడిపి నీరసించినవాళ్ళు ఇక్కడికి రావాలి. రోజూ చూసే డాక్టరు, ప్రతి షిఫ్టులో నర్సులు, ఫిజియోథెరపీ, మాటకూ మింగడానికీ వేరే థెరపిస్టు ఉంటారు. పక్షవాతంలో కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది. ఆ తర్వాతా సాగుతుంది, కానీ నెమ్మదిగా. అందుకే చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే దాన్ని ముందు ఇక్కడ ఖర్చు పెట్టమంటాను. మేము తిరగేసి చేశాం. చవకైన చోటులో ఏడు వారాలు పోయాక ఇక్కడికి వచ్చాం.

ఇక్కడ అడగవలసింది మెషిన్ల గురించి కాదు. రోజుకు ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాల థెరపీ ఇస్తారు? మింగే పరీక్ష ఎవరు చేస్తారు, ఎప్పుడు? ట్రాకియాస్టమీ తీసే ప్రణాళిక ఉందా, లేక అది అలాగే ఉంటుందా? మా పెద్దమ్మకు రెండో చోట ఐదో వారానికి గొంతు గొట్టం తీశారు. కాగితంలో రెండో వైపున్న మొదటి పని ఆ రోజుతో పోయింది. చోటు మార్చే అవకాశం అప్పుడు వచ్చింది.

లోటు ఏమిటంటే, అన్నిటికంటే ఖరీదైన దారి ఇదే. పైగా “ఇంకో రెండు వారాలు చూద్దాం” అన్న మాటకు ఇక్కడ అంతు ఉండదు. ప్రతి పదిహేను రోజులకూ, పోయినసారితో పోలిస్తే ఏం మారిందో రాతపూర్వకంగా అడగండి. రెండుసార్లు వరసగా “అలాగే ఉంది” అని వస్తే ఖర్చు తక్కువ చోటికి కదలవలసిన వేళ అది. ప్రభుత్వ రంగంలో హొసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో నరాల జబ్బుల పునరావాస విభాగం ఉంది. పడక వెంటనే దొరుకుతుందని లెక్కవేసుకోకండి. అయినా అక్కడ ఒకసారి చూపించి, ఏ రకం థెరపీ అవసరమో రాయించుకుంటే బయట ఎక్కడ బేరమాడాలన్నా పనికొస్తుంది.

వైద్య సదుపాయం ఉన్న వృద్ధాశ్రమాలు

సంఖ్యలో ఇవే ఎక్కువ. బాణసవాడి నుంచి జేపీ నగర్ దాకా వీధి వీధికీ ఒకటి తగులుతుంది. మా మొదటి చోటు ఇదే రకం. శుభ్రంగా ఉంది, వాసన లేదు, తులసికోట ఉంది, వంటవాడు చిత్తూరు జిల్లా మనిషి. తులసికోట చూసి మా అమ్మ, వంటవాణ్ణి చూసి నేను ఒప్పేసుకున్నాం.

తొమ్మిదో రాత్రి కఫం గట్టిపడి గొట్టం మూసుకుపోయింది. అక్కడ 22 మందికి ఒకే నర్సు, ఆ సమయంలో పై అంతస్తులో మరొకరి దగ్గర ఉంది. కేర్‌టేకర్ అమ్మాయి పరుగెత్తి పిలుచుకొచ్చింది కాబట్టి పెద్దమ్మ దక్కింది. అంబులెన్సు, మళ్ళీ ఐసీయూ, నాలుగు రోజులు. తిరిగి అక్కడికే తెచ్చాం, వేరే దారి తెలియక.

ఇంత జరిగినా ఆ చోటును చెడ్డదనలేను. ఎదుటి మంచం మీద హిందూపురం నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు ఉండేవారు. పార్కిన్సన్ జబ్బు, రైల్స్ ట్యూబు, షుగరు. ఆయన కాగితం రాస్తే అన్నీ వేళ ఉన్న పనులే. రెండేళ్ళుగా అక్కడ ఒక్క పుండు లేకుండా ఉన్నారు, సాయంత్రం ఆయనకు పేపరు చదివి వినిపించేవాళ్ళు. చోటు ఆయనకు సరిపోయింది, మాకు సరిపోలేదు. ట్యూబు ఆహారం, ఇన్సులిన్, కాథెటర్, పడకకే పరిమితమైన మనిషి అయితే ఈ రకం చోట్లలో మంచివాటిని ధైర్యంగా చూడవచ్చు. ట్రాకియాస్టమీ, బైపాప్ (మాస్కు ద్వారా ఊపిరికి సాయం చేసే యంత్రం), తరచూ ఫిట్స్ ఉంటే వద్దు.

ఇక్కడ గమనించవలసిన చిన్న విషయాలు రెండు. ట్యూబు ద్వారా ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తు ఉండాలి, ఆ తర్వాత కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. భోజనం వేళకు వెళ్ళి మంచాల వైపు చూడండి, చాలు. రెండోది, అన్ని మాత్రలనూ పొడి చేయకూడదు. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రను నూరితే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది. ఏ మాత్రను పొడి చేయకూడదో ఇక్కడ ఎలా గుర్తుపెట్టుకుంటారని అడిగితే, జవాబు వచ్చేలోపే ఆ చోటు సంగతి తెలిసిపోతుంది.

రైల్స్ ట్యూబు నాలుగు వారాలకు మించి అవసరమని డాక్టరుకు అనిపిస్తే, కడుపులోకి నేరుగా వేసే పెగ్ ట్యూబు గురించి ఆసుపత్రిలో ఉండగానే అడగండి. అది ఉంటే ముక్కులోంచి లాగేసుకునే బాధ ఉండదు, చేర్చుకునే చోట్లూ పెరుగుతాయి.

మతిమరుపు జబ్బుకు ప్రత్యేక కేంద్రాలు

డిమెన్షియా ఉన్నవారు నడవగలిగితే సమస్య ట్యూబు కాదు, తలుపు. సాయంత్రమయ్యేసరికి “మా ఇంటికి పోతాను” అని లేచే మనిషిని ఎలా చూస్తారు అన్నదే ప్రశ్న. మామూలు కేంద్రాల్లో మత్తుమందుతోనో, చేతులు కట్టేసో సద్దుమణిగేలా చేస్తారు. కట్టేయడం ఎప్పుడు చేస్తారు, ఎవరి అనుమతితో, ఎంతసేపు అని సూటిగా అడగండి. “మేము ఎప్పుడూ చేయం” అన్న జవాబు కంటే “ట్యూబు లాగుతుంటే చేతికి తొడుగు వేస్తాం, ఇంటివాళ్ళకు చెబుతాం” అన్న జవాబు నమ్మదగినది. కస్తూరినగర్‌లో నైటింగేల్స్ ట్రస్టు నడిపే కేంద్రం ఈ జబ్బు కోసమే ఏర్పడింది. అయితే డిమెన్షియాతో పాటు భారీ వైద్య అవసరాలూ ఉంటే, ఏది ఎక్కువ కష్టపెడుతోందో దాన్ని బట్టి చోటు ఎంచుకోవాలి. రెండూ సమానంగా బాగా చేసే చోటు కోసం వెతుకుతూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి.

హాస్పిస్

నయం కాని జబ్బు చివరి దశలో బాధ లేకుండా చూసుకునే చోటు ఇది. ఈ పేరు ఎత్తితే బంధువులు మొహం తిప్పుకుంటారు. “చావుకు వదిలేశారు” అన్న మాట పడుతుందని భయం. మారతహళ్ళి దగ్గర కరుణాశ్రయ 1999 నుంచి ముదిరిన క్యాన్సర్ రోగులను డబ్బు తీసుకోకుండా చూస్తోంది. ఇంటికి వెళ్ళి చూసే బృందాలూ ఉన్నాయి. హెబ్బాళ దగ్గరి బాప్టిస్టు ఆసుపత్రిలో కూడా పాలియేటివ్ విభాగం, అంటే బాధ తగ్గించే విభాగం ఉంది. తెలిసినవారొకరు క్యాన్సర్ నొప్పితో చివరి నెలన్నర ఐసీయూకీ ఇంటికీ మధ్య తిరిగి, హాస్పిస్‌కు ఆఖరి నాలుగు రోజుల ముందు వెళ్ళారు. ఆ నాలుగు రోజులే నిద్రపోయారని ఇంటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నొప్పి ప్రధానమైతే వేరే ఏ కేంద్రంలోనైనా అడగవలసిన ప్రశ్న ఒకటే: మీ దగ్గర మార్ఫిన్ ఉంటుందా? మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దాన్ని నిల్వ ఉంచుకోవడం సులువైంది. గుర్తింపు తీసుకోని చోట అర్ధరాత్రి నొప్పికి పారాసెటమాలే గతి. పక్షవాతంలా ఏళ్ళ తరబడి సాగే పరిస్థితికి మాత్రం హాస్పిస్ సరిపోదు.

ఇల్లే ఆసుపత్రి చేయడం

“ఎంతైనా ఇల్లే మంచిది” అని మా మామయ్య అన్నారు. ఆయన రాత్రి రెండు గంటలకు ఎవరినీ పక్క మార్చలేదు. ఇల్లు మంచిదే, కానీ ఎప్పుడు? రెండో వైపు జాబితా దాదాపు ఖాళీ అయ్యాక. గొంతు గొట్టం తీసి, ఫిట్స్ అదుపులోకి వచ్చాక మేము ఇంటికి తెచ్చాం. అప్పటికి కింది అంతస్తు ఇల్లు అద్దెకు మారాం.

మంచం, గాలి పరుపు, కాన్సెంట్రేటరు అన్నీ నెల అద్దెకు దొరుకుతాయి. మనుషులే దొరకరు. ఏజెన్సీ ద్వారా 12 గంటల షిఫ్టుకు ఒకరు చొప్పున ఇద్దరు కావాలి. పదకొండో తారీఖున ఒకరు ఊరికి వెళతారు, వచ్చేది వేరొకరు, వాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. ఓణం, క్రిస్మస్, దీపావళి తేదీలు క్యాలెండరులో ముందే గుండ్రం చుట్టి పెట్టుకోండి. మనిషి రాకపోతే ఎన్ని గంటల్లో వేరేవారిని పంపుతారో ఏజెన్సీతో రాయించుకోండి. ఇంట్లో వైద్యుల పర్యవేక్షణ ఉండదు కాబట్టి ఆ బాధ్యత కూడా మనదే. నిజానికి ఇంట్లో మేనేజరు ఉద్యోగం ఒకటి పుడుతుంది. అది అడగకుండానే కోడలికో కూతురికో వెళ్ళిపోతుంది. మా ఇంట్లో ఆ ఉద్యోగం చేసిన వదిన ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టింది. ఖర్చు లెక్కల్లో ఆ జీతం ఎవరూ రాయలేదు. మీరు రాయండి.

ఇక చిన్న ఆసుపత్రిలో గది తీసుకుని నెలలు ఉంచడం గురించి ఒక్క మాట. నర్సు, డాక్టరు, ఆక్సిజన్ అన్నీ ఉంటాయి. పక్క మార్చేవాళ్ళు, మాట్లాడించేవాళ్ళు ఉండరు, కొత్త ఇన్‌ఫెక్షన్లు మాత్రం ఉంటాయి. వేరే చోటు కుదిరేదాకా వారం పది రోజులకు సరే.

| చోటు | రాత్రి నర్సు | ఎవరికి సరిపోతుంది | ఎవరికి వద్దు | ఖర్చు |
|---|---|---|---|---|
| ట్రాన్సిషన్ కేర్, పునరావాసం | ప్రతి షిఫ్టులో | ఐసీయూ నుంచి ఇప్పుడే వచ్చి, కోలుకునే అవకాశం ఉన్నవారు | నెలలుగా మార్పు లేనివారు | చాలా ఎక్కువ |
| వైద్య సదుపాయం ఉన్న వృద్ధాశ్రమం | ఎక్కువమందికి ఒకరు | వేళ ఉన్న పనులే ఉన్నవారు | ట్రాకియాస్టమీ, బైపాప్ ఉన్నవారు | మధ్యస్థం, పైఖర్చులు వేరు |
| డిమెన్షియా కేంద్రం | చోటును బట్టి | నడవగలిగి, తికమకపడేవారు | అనేక గొట్టాలు ఉన్నవారు | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| హాస్పిస్ | ఉంటారు | ముదిరిన జబ్బు, నొప్పి ఉన్నవారు | ఏళ్ళు సాగే స్థితి ఉన్నవారు | కరుణాశ్రయలో ఉచితం |
| ఇల్లు | విడిగా పెట్టుకుంటేనే | స్థిమితపడినవారు, ఇంట్లో ఒకరు పూర్తి సమయం ఉండగలిగితే | వేళ లేని పనులు మిగిలి ఉన్నవారు | నర్సులను పెడితే ఎక్కువ, కేర్‌టేకర్లయితే తక్కువ |

మీ పరిస్థితిని బట్టి

పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ చూసేవారు లేకపోతే ఇంటిని జాబితా నుంచి కొట్టేయండి, ఎంత డబ్బున్నా. కెమెరా పెట్టి నడిపిద్దామనే ఆలోచన ఏజెన్సీ మనిషి చెప్పకుండా మానేసిన మొదటి రోజుతో ముగుస్తుంది. మీకు కావలసింది కేంద్రం, దానితో పాటు వారానికి రెండుసార్లు చెప్పకుండా వెళ్ళి చూసి రాగలిగిన ఒక బంధువు. ఆ బంధువు ఇల్లు ఎక్కడుందో అక్కడే వెతకండి. మీకు నచ్చిన చోటు యలహంకలో ఉండి, పిన్ని బొమ్మనహళ్ళిలో ఉంటే ఆమె నెలకు ఒకసారి వెళుతుంది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఇక్కడే ఉంటే, ఆఫీసుకూ ఇంటికీ మధ్య దారిలో ఉన్న మధ్యరకం కేంద్రం, దూరాన ఉన్న గొప్ప కేంద్రం కంటే మేలు. రోజూ ఇరవై నిమిషాలు కనిపించే బంధువు ఉన్న రోగిని ఎవరూ మరిచిపోరు.

డయాలిసిస్ ఉంటే లెక్క మొత్తం మారుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, పైగా ప్రయాణం. ముందు డయాలిసిస్ కేంద్రంలో స్లాటు ఖాయం చేసుకుని, దాని చుట్టూ పది నిమిషాల దూరంలో వెతకండి. తిరిగి వచ్చాక నీరసంగా ఉండే మనిషిని ఎవరు తీసుకెళ్ళి తెస్తారో, ఆ రోజు భోజనం ఏ వేళకు పెడతారో అడగండి.

సొంత ఊరికి తీసుకెళదామా అన్న ఆలోచన మనలో చాలామందికి వస్తుంది. అనంతపురం, హిందూపురం, చిత్తూరు, మదనపల్లె అన్నీ కొన్ని గంటల దూరమే. ఊళ్ళో మనుషులు దొరుకుతారు, తెలుగు ఉంది, వచ్చిపోయే చుట్టాలున్నారు, అదే డబ్బుతో రెండింతల రోజులు గడుస్తాయి. చిత్తూరు వైపైతే వేలూరు సీఎంసీ, తిరుపతి స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు దగ్గర. వేళ ఉన్న పనులే మిగిలిన మనిషికి ఇది బెంగళూరు కేంద్రాల కంటే మంచి దారి అని నా అభిప్రాయం. కాగితంలో రెండో వైపు ఒక్క పని మిగిలి ఉన్నా, దగ్గరి పెద్దాసుపత్రి ఎంతసేపట్లో చేరతామో అంబులెన్సులో ఒకసారి ఊహించుకుని నిర్ణయించండి.

డబ్బు, కాగితాలు

ఆరోగ్య బీమా ఉందన్న ధీమా వద్దు. విశ్రాంతి, పునరావాసం, నర్సింగ్ కేంద్రంలోనో ఇంట్లోనో రోజువారీ సంరక్షణ, ఇవన్నీ మన దేశపు పాలసీల్లో ప్రామాణిక మినహాయింపుల కిందకు వస్తాయి. 2024 అక్టోబరులో 70 ఏళ్ళు నిండినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు ఇచ్చారు కదా అని అడుగుతారు. అది ఆసుపత్రిలో చేరితే వర్తించేది, కేంద్రం నెలసరి బిల్లుకు కాదు.

నెల ధర 100 అని చెబితే మాకు చేతికి వచ్చిన బిల్లు 140. డైపర్లు, గ్లవ్స్, సక్షన్ కాథెటర్లు, ఆక్సిజన్ గంటల లెక్క, ట్యూబు ఆహారపు పొడి, డాక్టరు విజిటు, అన్నీ విడివిడిగా చేరాయి. అందుకే ధరల పట్టిక అడగకండి, ఇలాంటి అవసరాలే ఉన్న రోగి పోయిన నెల బిల్లును పేరు కొట్టేసి చూపమనండి. చూపితే మంచి గుర్తు. అడ్వాన్సులో ఎంత తిరిగి ఇస్తారు, నెల మధ్యలో ఆసుపత్రికి వెళితే ఆ రోజుల డబ్బు తగ్గిస్తారా, మంచం ఉంచుతారా అన్నవి సంతకానికి ముందు తేలాలి.

చికిత్స చేస్తామని చెప్పుకునే ప్రైవేటు సంస్థలకు కర్ణాటకలో 2007 నాటి చట్టం కింద నమోదు ఉండాలి, ఆ పత్రం గోడ మీద కనిపించాలి. వైద్యం చేస్తామంటూనే “మాది ఆశ్రమం, అది అక్కర్లేదు” అనేవారి దగ్గర ఆగి ఆలోచించండి. బకాయి ఉందని పార్థివదేహాన్ని ఆపకూడదని అదే చట్టానికి 2017లో చేసిన సవరణ చెబుతోంది. ఇప్పుడు చదవడానికి ఇష్టం లేని వాక్యమే, అయినా తెలిసి ఉండాలి. ఏ సమస్యకైనా వృద్ధుల జాతీయ సహాయ నంబరు 14567కు ఫోను చేయవచ్చు.

మనిషి ఇంకా తెలివిలో ఉండి నిర్ణయాలు చెప్పగలిగితే, వెంటిలేటరు మీద పెట్టాలా వద్దా అన్నది వారి చేతే రాయించండి. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి ముందస్తు వీలునామాను అంగీకరించింది, 2023లో పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. మా పెద్దమ్మ విషయంలో ఆ వేళ దాటిపోయింది. ఐసీయూకు పంపాలా అని ప్రతిసారీ రాత్రిపూట ఫోనులో మేమే వాదించుకున్నాం.

చూడటానికి వెళ్ళేది, చేర్చాక చూసేది

పగలు ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి వెళ్ళండి. రాత్రి రానివ్వమంటే ఆ చోటు గురించి ఇంకేమీ తెలుసుకోనక్కర్లేదు. లోపల ఉన్నవారి మడమలు చూడండి. గోళ్ళు, నోరు చూడండి. మంచం పక్కన బెల్లు నొక్కి ఎంతసేపటికి వస్తారో లెక్కపెట్టండి. ట్రాకియాస్టమీ ఉన్నవారి తలగడ దగ్గర అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి విడిగా పెట్టి ఉండాలి. అవి బీరువాలో ఉన్నాయంటే లేనట్టే.

చేర్చిన రోజే నడుము కింద, మడమల దగ్గర, మోచేతుల దగ్గర చర్మాన్ని తేదీ కనిపించేలా ఫొటో తీసుకోండి. బరువు రాయించండి. అన్ని గొట్టాల సైజులు, వేసిన తేదీలు ఒక కాగితం మీద రాసి ఒకటి ఫైలులో, ఒకటి మంచం మీద, ఒకటి మీ ఫోనులో ఉంచండి. మొదటి పదిహేను రోజుల్లో నడుము దగ్గర ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకుండా ఉంటే అది పుండుకు మొదటి మెట్టు. ఆ రోజే అడగండి, మరుసటి రోజు మళ్ళీ చూడండి. మూడో రోజుకూ ఎరుపు తగ్గకపోతే అడ్వాన్సు గురించి ఆలోచించకుండా జాబితాలో రెండో చోటుకు ఫోను చేయండి. ఆ రెండో చోటు నంబరు మొదటి రోజు నుంచే మీ దగ్గర ఉండాలి.